సమ్మతి ఎవరిది? అధికారం ఎవరిది?

స్త్రీ పురుషుల కామసంబంధాన్ని గురించి మన సాహిత్య విమర్శ మొదటినుంచీ రెండు గొంతులతో మాట్లాడుతూ వచ్చింది. ఒకటి నీతివాదుల గొంతు. వారి లెక్కన కామం ఒక రోగం. దాన్ని వర్ణించిన కావ్యం ఆ రోగాన్ని మోసుకొచ్చే గాలి. రెండోది స్వేచ్ఛావాదుల గొంతు. వారి లెక్కన కామం ప్రకృతి. దానికి అడ్డం వచ్చే ప్రతిదీ సంకెల. ఈ రెండు పక్షాలూ వంద సంవత్సరాలకు పైగా పోట్లాడుకుంటూనే ఉన్నాయి. అయితే రెండూ కలిసి ఒక ప్రశ్నను తప్పించుకున్నాయి. ఒక స్త్రీ "సరే" అన్నప్పుడు, "కాదు" అనే వీలు ఆమెకు నిజంగా ఉన్నదా? కాదన్నట్లయితే ఆమె ఏమి పోగొట్టుకుని ఉండేది? కూడా? గూడా? కన్నబిడ్డలనా? ప్రాణాన్నా?

ఇది నీతికి సంబంధించిన ప్రశ్న కాదు, ప్రకృతికి సంబంధించిన ప్రశ్నా కాదు. అధికారానికి సంబంధించిన ప్రశ్న. ఇటువంటి ప్రశ్నను కూలి ఒప్పందం విషయంలో మనం ఎప్పుడో అర్థం చేసుకున్నాం. ఆసామీ ఇస్తానన్న కూలికి కూలివాడు ఒప్పుకున్నాడు గనక అన్యాయమేమీ లేదని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. ఒప్పుకోకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదని మనకు తెలుసు. బలవంతమంటే చెయ్యి పట్టుకుని లాగటం మాత్రమే కాదనీ, ఆకలి కూడా మెడ పట్టుకుని లాగుతుందనీ మనకు తెలుసు. కాని అదే మనం పడకగది గడప దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠం మరిచిపోతాం. అక్కడ "ఇష్టపడే వచ్చింది గదా" అన్న మాటతో సంతృప్తి పడతాం. లేదా అది "వ్యక్తిగతం" అని కళ్ళు మూసుకుంటాం.

ఇందులో రెండోవైపున కూడా ఒక గొయ్యి ఉన్నది. అసమాన సమాజంలో స్త్రీకి ఇష్టమన్నదే ఉండదనీ, ఆమె ఏమన్నా అది బలవంతపు మాటేననీ తేల్చేస్తే, ఆమె నోటికి మరొక తాళం వేసినట్లే అవుతుంది. అప్పుడు ఆమె బదులు సంస్కర్త మాట్లాడతాడు, న్యాయమూర్తి మాట్లాడతాడు, పార్టీ మాట్లాడుతుంది. ఆమె మాత్రం మాట్లాడదు. గనక విమర్శకుడు రెండు విషయాలనూ ఒకేసారి పట్టుకోవాలి. స్త్రీ ఇచ్ఛ నిజమైనది. ఆ ఇచ్ఛ మసలుకునే నేల మాత్రం ఆమెది కాదు. ఈ కొలబద్దతో మన సాహిత్యంలో కొన్ని ముఖ్యమైన రచనలను తిరిగి చూడవలసి ఉన్నది.

గుంటూరు నుంచి పొన్నూరు పోయే దారిలో చేబ్రోలు ఉన్నది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడిని చూడటానికి అక్కడికి జనం వస్తారు. అంతకు ఆరు వందల ఏళ్ళ ముందే ఆ వూరికి మరొక ప్రసిద్ధి ఉన్నది. కాకతి గణపతిదేవుని గజసైన్యానికి అధిపతి అయిన జాయప సేనాని తన తండ్రి పేర అక్కడ చోడేశ్వరాలయం కట్టించాడు. గుడిలో ఆడిపాడే స్త్రీలకు ఇళ్ళు కట్టించాడు. 1253-54 ప్రాంతంలో "నృత్తరత్నావళి" రాసినవాడు ఆయనే. దేశి నృత్యాలను అంత వివరంగా పట్టి చూపించిన లక్షణ గ్రంథాలు మన దేశంలో అరుదు. అయితే ఆ నృత్యం చేసిన దేహాలు ఎవరివో, వారి మనసులో ఏముండేదో ఆ గ్రంథం చెప్పదు. అది చెప్పటం లక్షణ గ్రంథం పని కాదు గనక జాయపను తప్పుపట్టి ప్రయోజనం లేదు. చరిత్ర మనకు అడుగులను దక్కించి, అడుగులు వేసినవారి మాటను దక్కించలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక మాట చరిత్ర పరిశీలించదగింది. "సాని" అన్న మాట "స్వామిని" నుంచి వచ్చింది. దొరసానిలో ఆ గౌరవం ఇప్పటికీ మిగిలి ఉన్నది. కాకతీయుల కాలపు శాసనాలలో గుడిసానులు దానాలు పుచ్చుకునేవారుగానే గాక దానాలు చేసేవారుగా కూడా కనిపిస్తారు. సొంత ఆస్తి ఉన్నవారు, తమ పేరు తాము రాతిమీద చెక్కించుకోగలిగినవారు వారిలో ఉన్నారు. అదే మాట తరవాతి శతాబ్దాలలో వీధిలో విసిరే తిట్టయింది. మాట ఎందుకు దిగజారింది? సానుల నీతి మారటం వల్ల కాదు. గుడి మాన్యం మీదా, కళ మీదా ఆమెకున్న పట్టు సడలి, జమీందారు కచేరీ మీదా, ధనికుడి దయ మీదా ఆధారపడవలసి రావటంవల్ల. కాదనగల ఆర్థికబలం పోయిన మేరకు ఆమె "అవును"కు విలువ తగ్గింది. పదాల అర్థాలు నిఘంటువులలో మారవు, ఆస్తి సంబంధాలలో మారతాయి.

తంజావూరులో ప్రతాపసింహుడి (1739-63) ఆస్థానంలో ఉన్న ముద్దుపళని ఈ మార్పుకు మధ్యకాలపు మనిషి. తన వంశాన్ని అమ్మమ్మ తాలూకు పేరు ప్రతిష్ఠలతో చెప్పుకోగలిగిన కవయిత్రి. ఆమె "రాధికాసాంత్వనము"లో రాధ కోరుతుంది, అలుగుతుంది, కోరినది దక్కేదాకా కృష్ణుణ్ణి నిలబెడుతుంది. దీన్ని కందుకూరి వీరేశలింగం స్త్రీ నోట రాదగని మాటలుగా లెక్కించి నిందించాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో, పాత ముద్రణలో వదిలేసిన భాగాలను తిరిగి చేర్చి, కావ్యాన్ని అచ్చు వేయించింది. పురుషకవులు ఇంతకన్నా పచ్చిగా రాసినప్పుడు లేని సిగ్గు ఇక్కడ మాత్రం ఎందుకని ఆమె నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఈ వివాదంలో మన సానుభూతి నాగరత్నమ్మ వైపే ఉండాలి. అందులో సందేహం లేదు. స్త్రీ కోరికను స్త్రీ చెప్పటమే నేరమయినచోట, చెప్పటమే ఒక తిరుగుబాటు. కాని కావ్యాన్ని మరొకసారి చదివితే మూలన నిలబడ్డ మరో ఆడపిల్ల కనిపిస్తుంది. ఆమె పేరు ఇళ. రాధ ఆమెను చిన్ననాటినుంచి పెంచి, కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసి, పడకటింటి మర్యాదలన్నీ నేర్పి పంపుతుంది. ఆమెతో మెల్లగా మసలుకొమ్మని కృష్ణుడికి కూడా బుద్ధి చెబుతుంది. తరవాత కథ అంతా రాధ విరహం, రాధ కోపం, రాధ సాంత్వనం. ఇళను ఎవరడిగారు? పెద్దమనిషి అయినప్పటినుంచి ఆమె దేహం ఒక కానుకగా సిద్ధం చెయ్యబడింది. స్త్రీ కోరికకు అంత గొప్ప గొంతునిచ్చిన కావ్యంలోనే మరొక స్త్రీ సమ్మతి ప్రశ్నగానైనా తలెత్తలేదు. ఇది ముద్దుపళని లోపమని నేను అనను. కోరికను బయటపెట్టటం వేరు, కోరికను అధికారం నుంచి విడదియ్యటం వేరు అని ఆ కావ్యం మనకు తెలియకుండానే చెబుతున్నది. మొదటిది చేసినంతమాత్రాన రెండోది దానంతటది జరగదు.

రెండో పని మన సాహిత్యంలో స్పష్టంగా మొదలుపెట్టినది "కన్యాశుల్కం". 1892లో మొదట ప్రదర్శించి, 1897లో అచ్చయి, 1909లో ఇప్పుడు మనం చదివే రూపం పొందిన ఈ నాటకం పుట్టుక వెనక ఒక లెక్కల జాబితా ఉన్నది. విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాలు 1034 అని విజయనగరం మహారాజా సేకరించిన వివరాలను గురజాడ మొదటి కూర్పు పీఠికలో ఇచ్చాడు. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఆనాటికే మన దేశంలో "సమ్మతి" అన్న మాట చట్టంలోకి వచ్చింది. 1891 చట్టం ఆ వయస్సును పదేళ్ళ నుంచి పన్నెండుకు పెంచింది. ఆ పాటిదానికే మతం మునిగిపోతుందని దేశంలో పెద్ద గోల జరిగింది. చట్టం దృష్టిలో సమ్మతి అంటే ఒక అంకె. ఆ అంకె దాటిన తరవాత అడిగేవాడు లేడు, అడగవలసిన అవసరమూ లేదు.

గురజాడ ఆ అంకె దగ్గర ఆగలేదు. నాటకంలో ఎవరు ఎవరిని అడుగుతున్నారో చూడండి. సుబ్బిని లుబ్ధావధాన్లుకు ఇవ్వటానికి ఒప్పుకున్నది అగ్నిహోత్రావధాన్లు. తల్లి వెంకమ్మకు నూతిలో దూకటం తప్ప కాదనే సాధనం లేదు. సుబ్బిని అడగాలన్న ఊహ ఎవరికీ రాదు. బుచ్చమ్మను గిరీశం అడుగుతాడు. కాని ఆ అడగటంలో నిజం లేదు. విధవా వివాహమన్న గొప్ప ఆశయాన్ని వలగా పన్ని, తానెవరో తెలియనివ్వకుండా ఆమెచేత "సరే" అనిపిస్తాడు. మీనాక్షి సంగతి మరీ దారుణం. రామప్పంతులు ఆమె వైధవ్యాన్ని వాడుకుంటాడు; ఆమె నిలదీసి పెళ్ళాడమన్ననాడు జారుకుంటాడు. కొనుగోలు, మోసం, దిక్కులేనితనం: "సమ్మతి" వేసుకునే మూడు వేషాలనూ ఒకే నాటకంలో ఆయన రంగం మీద నిలబెట్టాడు. ముగ్గురి విషయంలోనూ చట్టానికి అభ్యంతరం ఉండదు. అదే ఇక్కడి విషాదం.

ఈ ముగ్గురి నడుమ కాదనగలిగిన ఆడమనిషి మధురవాణి ఒక్కతే. ఆమె వేశ్య. అంటే ఆమె బేరం బయటకు చెప్పుకునే బేరం. గృహస్థుల బేరాలు పెళ్ళి మంత్రాల చాటున జరుగుతాయి. బేరం తనదే గనక షరతులు కూడా తనవే. ఇష్టం లేనినాడు గిరీశాన్నీ వదుల్చుకుంటుంది, పంతులునూ ఆడిస్తుంది. ఇంతవరకూ చాలామంది విమర్శకులు చెప్పారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది చివరి అంకం. లుబ్ధావధాన్లును కాపాడే ఆధారం మధురవాణి చేతిలో ఉన్నది. వేశ్యలను దరిచేరనివ్వని సౌజన్యారావు పంతులు ఆమెకు ఒక ముద్దు బాకీపడతాడు. ఒక నిర్దోషిని రక్షించటం కోసం మాట ఇచ్చాడు. మాట తప్పే మనిషి కాడు. తీరా ఆ బాకీ తీర్చబోయే సమయానికి ఆమె వద్దంటుంది. చెడనివారిని చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందంటుంది.

తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా విద్యార్థులు దీన్ని మధురవాణి త్యాగమనో, వేశ్యలో దాగిన సతీత్వమనో అంటారు. పాఠ్యగ్రంథాల ముందుమాటలు వారికి నేర్పింది అదే. కాని అక్కడ జరిగింది మరొకటి. ఆ క్షణంలో అధికారం మధురవాణిది. అవసరం ఎదుటివాడిది. మాట ఇచ్చాడు, బలవంతమేమీ జరగలేదు, ఏ కోర్టులోనైనా అది సమ్మతే. అయినా అవసరం నుంచి పుట్టిన ఆ సమ్మతిని ఆమె సమ్మతిగా స్వీకరించలేదు. జీవితమంతా ఎవరూ తన మనసు అడగకుండానే తన దేహాన్ని బేరమాడిన సంఘంలో, ఇతరుల మనసు అడిగి తెలుసుకున్న మనిషి ఆమె ఒక్కతే. చేతిలో అధికారం ఉన్నప్పుడు దాన్ని వాడకుండా ఉండటం ఎలాగో ఆ నాటకంలోని పండితులకు, ప్లీడర్లకు, సంస్కర్తలకు చేతకాలేదు. ఆమెకు చేతనయింది. ఇది సతీత్వం కాదు, ప్రజాస్వామ్యం.

ఇక చలం. మద్రాసులో 1894లో పుట్టి, తాతగారికి దత్తుడై, తెనాలిలో పెరిగిన గుడిపాటి వెంకటచలం ఈ ప్రశ్నను నేరుగా ఇంటి నడిమధ్యకు తెచ్చాడు. "మైదానం" (1927) నాయిక రాజేశ్వరి ఒక ప్లీడరు భార్య. తిండికి లోటు లేదు, గుడ్డకు లోటు లేదు. భర్త కొట్టేవాడూ తాగేవాడూ కాదు. లోకం దృష్టిలో ఫిర్యాదు చెయ్యటానికి ఏమీ లేని జీవితం. అయినా ఆమె అమీరు వెంట వెళ్ళిపోతుంది. "లేచిపోవటం" అన్న మాటను లోకం తనకు అంటగట్టటాన్ని కూడా సహించదు. భార్య అయినంతమాత్రాన ఆమె దేహం భర్తకు శాశ్వతంగా రాసి ఇచ్చినది కాదని తెలుగులో అంత నిక్కచ్చిగా చెప్పిన నవల అంతకు ముందు లేదు. పెళ్ళినాటి "సరే" ప్రతి రాత్రికీ వర్తించదన్న సత్యాన్ని చలం న్యాయశాస్త్రం కంటే ముందే చెప్పాడు. ఈ ఒక్కదానికైనా మనం ఆయనకు రుణపడి ఉన్నాం. చలాన్ని బూతు అని కొట్టిపారేసిన అభ్యుదయవాదులు నీతివాదుల పక్కన నిలబడ్డారన్న సంగతి దాచిపెట్టవలసిన అవసరం లేదు.

కాని మైదానంలో ఏమి జరుగుతుంది? ఊరు లేదు, కులం లేదు, పెళ్ళి లేదు. ఇక్కడన్నా ఇద్దరు సమానులు ఉండాలి గదా? అమీరు మరొక పిల్లను కోరుతాడు. ఆ పిల్లను అతనికి దక్కించటానికి రాజేశ్వరే పూనుకుంటుంది. గర్భవతి అయిన రాజేశ్వరి మీద, ఆ బిడ్డ వద్దని అతను పంతం పడతాడు, వదిలి వెళతాడు. మీరా వచ్చిన తరవాత మళ్ళీ తిరిగివస్తాడు. కథ అమీరు చావుతో, ఆమె జైలుతో ముగుస్తుంది. గోడలు కూలగొట్టి కట్టుకున్న ఆ స్వర్గంలో కూడా ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు పోవాలో నిర్ణయించేది పురుషుడే. రాజేశ్వరి వదిలివచ్చిన ఇల్లు ఆమెను మళ్ళీ రానివ్వదు. అమీరు మాత్రం ఎటైనా పోగలడు. పోగల శక్తి ఉన్నవాడికీ, పోవటానికి చోటు లేనిదానికీ మధ్య ప్రేమ ఎంత గాఢమైనదైనా తక్కెడ ఒకవైపు మొగ్గే ఉంటుంది.

చలం ఈ అసమానతను చూడలేదా? నిజాయితీగల కళాకారుడు గనక చూశాడు. చూసినది చూసినట్టు రాశాడు. అందుకే నవల చివరకు స్వర్గం రక్తసిక్తమయింది. కాని చూసినదాన్ని ఆయన ప్రేమ మహత్యంగా వ్యాఖ్యానించాడు. తన కోరికను చంపుకుని అమీరు కోరికను తీర్చటంలో రాజేశ్వరి గొప్పతనం ఉన్నదన్నట్టు ఆమె నోటే పలికించాడు. పతివ్రతా ధర్మాన్ని గుమ్మంలోనుంచి వెళ్ళగొట్టిన రచయిత దాన్నే ప్రేయసీ ధర్మంగా కిటికీలోనుంచి రానిచ్చాడు. రాజేశ్వరి ఆస్తి ఏమిటి, రేపటి తిండి ఎక్కడిది, బిడ్డ పుడితే ఎవరు సాకుతారు అన్న ప్రశ్నలు ఆ నవలకు చిల్లర ప్రశ్నలు. స్త్రీ స్వేచ్ఛకు మాత్రం అవి మూల ప్రశ్నలు. కోరిక స్వేచ్ఛకు ఆరంభం కావచ్చు. అదొక్కటే స్వేచ్ఛ కాదు. తెనాలిలోనే 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు చలాన్ని గౌరవిస్తూనే, తన కథల్లో మధ్యతరగతి ఆడవాళ్ళ పెళ్ళిళ్ళను జీతాలతో, చదువులతో, కట్నాలతో, మర్యాదలతో ముడివేసి చూపించాడు. చలం వేసిన ప్రశ్నకు నేల దొరికింది అక్కడే.

రాజేశ్వరి ఇల్లు వదిలిన నవల వెలువడిన 56 ఏళ్ళకు అదే ప్రశ్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చింది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, వేరుగా ఉంటున్న భార్యను కాపరానికి రమ్మని కోర్టు ఉత్తరువు చెయ్యవచ్చు. ఆ భార్య సినిమా నటి సరిత. 1983లో జస్టిస్ పి. ఎ. చౌదరి ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశాడు. ఆయన తర్కం సూటిగా ఉన్నది. కాపరానికి రమ్మనటమంటే దేహాన్ని అప్పగించమనటం. ఎవరితో, ఎప్పుడు అన్న నిర్ణయాన్ని ఈ ఉత్తరువు వ్యక్తి చేతినుంచి తీసి రాజ్యం చేతిలో పెడుతున్నది. చట్టం భార్యాభర్తలిద్దరికీ ఒకటే అని చెప్పినా, గర్భం మోసేది ఒక్కరే గనక దాని బరువు ఒక్కరి మీదే పడుతుంది. ఇది మామూలు తీర్పు కాదు. పైకి సమానంగా కనిపించే హక్కు అసమాన స్థితిలో అణచివేతగా మారుతుందన్న సూత్రాన్ని న్యాయస్థానం పడకగదికి వర్తింపజేసింది. మరుసటి ఏడే, 1984లో, సుప్రీంకోర్టు మరొక కేసులో ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చి 9వ సెక్షన్‌ను నిలబెట్టింది. అది పుస్తకంలో అలాగే ఉన్నది.

అక్కడితో అయిపోలేదు. భర్త చేసిన బలవంతాన్ని నేరంగా లెక్కించని మినహాయింపు పాత శిక్షాస్మృతిలో ఉండేది. భార్య వయస్సు 15 దాటితే చాలునన్న నిబంధనను 2017లో సుప్రీంకోర్టు 18కి మార్చింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ మినహాయింపును 63వ సెక్షన్‌లో మళ్ళీ రాసుకున్నది. ఎదురు తిరగకపోయినంతమాత్రాన అది సమ్మతి కాదని 2013 సవరణ స్పష్టం చేసింది. ఆ మాట కొత్త చట్టంలోకి కూడా వచ్చింది. అంటే పరాయి స్త్రీ మౌనం సమ్మతి కాదు, భార్య ఆక్రోశం మాత్రం చట్టానికి వినపడదు. 1891లో అంకెగా మొదలయిన సమ్మతి ఇన్నేళ్ళు నడిచి తాళిబొట్టు దగ్గర ఆగిపోయింది.

పెళ్ళి ఒక రకంగా స్త్రీ "కాదు"ను రద్దు చేస్తే, "చెడిపోయింది" అన్న ముద్ర మరొక రకంగా రద్దు చేస్తుంది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద ముస్లిం స్త్రీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో పోలీసుల వాదన అంతా ఒకటే: ఆమె శీలం మంచిది కాదు. కమిషన్ ఆ వాదనను నమ్మక పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కర్ణాటకలోని రాయచూరు కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఎవరితోనో ఎప్పుడో "సరే" అన్నదని రుజువు చేస్తే ఇక ఎవరితోనూ ఎప్పుడూ "కాదు" అనే హక్కు ఉండదన్నది ఆ వాదన సారం. "సాని" అన్న మాట తిట్టయిన నాటినుంచీ మన సంఘం నడుపుతున్న తర్కం ఇదే. పతివ్రత అయితే భర్తకు కాదనరాదు. పతివ్రత కాకపోతే ఎవరికీ కాదనరాదు. కాదనటానికి చోటే లేదు.

దేవదాసీ వ్యవస్థ మీద వచ్చిన చట్టాలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1929లో మాన్యం భూములను గుడిసేవ నుంచి విడదీసిన చట్టం వచ్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లలను దేవుడికి అంకితమివ్వటాన్ని నిషేధించింది. 1988లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసింది. ఊహ తెలియని పిల్లను గుడికి ఇచ్చివెయ్యటం, సుబ్బిని లుబ్ధావధాన్లుకు ఇచ్చివెయ్యటం వంటిదే. దాన్ని ఆపటం అవసరమయిన పని. అయితే భూమి మీద హక్కును గురించి ఆలోచించిన 1929 చట్టానికీ, దురాచారాన్ని మాత్రమే చూసిన తరవాతి చట్టాలకూ తేడా ఉన్నది. ఆట పోయింది, పాట పోయింది, ఆ కులాల ఆడపిల్లల పేరు పక్కన ముద్ర మాత్రం పోలేదు. వేరే జీవనాధారం చూపించకుండా వృత్తిని నేరం చేస్తే స్త్రీ బేరం ఆగదు; బేరమాడే శక్తి మాత్రమే తగ్గుతుంది.

ఇక మన సంగతి. అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943 ఫిబ్రవరిలో జరిగింది తెనాలిలోనే. అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు "ఇనుప కచ్చడాలు" రాసినవాడు; "దేవాలయాల మీద బూతు బొమ్మలెందుకు?" అని అడిగినవాడు, పెళ్ళి పుట్టుపూర్వోత్తరాలను తవ్వి చూపించినవాడు. స్త్రీ దేహానికి తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకుని యుద్ధానికి పోయిన పురుషుణ్ణి ఆయన తెలుగు పాఠకుడికి పరిచయం చేశాడు. అంటే ఈ ప్రశ్న మన ఉద్యమానికి బయటినుంచి వచ్చినది కాదు. పురిటింటినుంచే ఉన్నది. తరవాతి కాలంలో దాన్ని "విప్లవం తరవాత చూసుకుందాం" అన్న అటకమీదికి ఎక్కించాం. కామాన్ని గురించి రాస్తే బూర్జువా క్షీణదశ లక్షణమన్నాం. ఇంట్లో బలాత్కారాన్ని గురించి రాస్తే వర్గ ఐక్యతకు భంగమన్నాం.

వర్గ ఐక్యతకు భంగం తెచ్చేది రాయటమా, జరగటమా? డెల్టా పొలాలలో నాట్లు వేసేది ఆడవాళ్ళు, కలుపు తీసేది ఆడవాళ్ళు, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసేది ఆడవాళ్ళు. రేపు పనికి ఎవరిని పిలవాలో చెప్పే మేస్త్రి మగవాడు. పొలం ఆసామీ మగవాడు. పిలుపు తన చేతిలో ఉన్నవాడు నవ్వుతూ చెయ్యివేస్తే ఆమె విదిలించుకోవటానికి ఎంత ఖరీదు పడుతుందో లెక్క కట్టండి: ఒక రోజు కూలి, ఒక సీజను కూలి, వాడలో పేరు. ఆమె దళిత స్త్రీ అయితే ఆ ఖరీదులో కులం కూడా చేరుతుంది. పనిచోట వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పొలంలో, ఇళ్ళలో పనిచేసే స్త్రీ కూడా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. హక్కు ఉన్నది. కాని ఫిర్యాదు చేసిన మర్నాడు ఆమెకు పని ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినది చట్టం కాదు, సంఘం. కూలి రేటు కోసం సమ్మె చెయ్యగల సంఘం, ఒక కూలిమనిషి "కాదు" అన్నందుకు పని పోతే ఎందుకు సమ్మె చెయ్యరాదు? రేటూ ఆమెదే, దేహమూ ఆమెదే.

విద్యాలయాలలో కూడా ఇదే లెక్క. మార్కులు వేసే చేతికీ, మార్కులు కావలసిన విద్యార్థినికీ మధ్య "ఇష్టం" అన్న మాట వాడేటప్పుడు మన ఉపాధ్యాయులు మధురవాణిని గుర్తుచేసుకోవాలి. ఎదుటివారి అవసరం నీ చేతిలో ఉన్నప్పుడు వారి "సరే"ను నమ్మకు. చట్టం అక్కరలేకుండానే పాటించవలసిన నియమం ఇది.

సాహిత్య విమర్శకు ఇందులో పని ఏమిటని అడగవచ్చు. ఉన్నది. ఒక కథలో స్త్రీ పురుషుల కలయికను చదివినప్పుడు "ఇది బూతా, కాదా?" అన్న నీతివాది ప్రశ్నను వదిలేద్దాం. "ఇది గాఢమైన ప్రేమా, కాదా?" అన్న భావకవి ప్రశ్నతో కూడా తృప్తి పడవద్దు. ఇల్లు ఎవరిది? కూలి ఎవరు ఇస్తున్నారు? కులం ఎవరివైపు నిలబడుతుంది? ఆమె కాదంటే మర్నాడు ఏమవుతుంది? రచయిత ఈ ప్రశ్నలను ఎదుర్కొన్నాడా, వెన్నెల కప్పి దాటేశాడా? ఈ పరీక్షకు నిలబడే రచనలు మనకు కొన్ని ఉన్నాయి. 1909 నాటి నాటకం నిలబడింది. మైదానం సగం దూరం వచ్చి మనకు మిగతా దారి చూపింది. సినిమాలో నాయిక వద్దన్నకొద్దీ వెంటపడి చివరకు ఒప్పించే నాయకుణ్ణి చూసి ఈలలు వేసే మన హాళ్ళు మాత్రం ఇప్పటికీ గిరీశం చేతిలోనే ఉన్నాయి.

కోరికకు సిగ్గుపడవలసిన పని లేదు. సిగ్గుపడవలసింది ఎదుటిమనిషి నిస్సహాయతను కోరికగా లెక్కించినందుకు. "కాదు" అన్న మాటకు ఏ ఖరీదూ చెల్లించనక్కరలేని సమాజంలోనే "అవును" అన్న మాటకు అందం వస్తుంది. ఆ సమాజాన్ని తెచ్చే పోరాటంలో భూమి, కూలి, కులం ఎంత ముఖ్యమో ఈ చిన్న మాట కూడా అంత ముఖ్యం. దాన్ని అటకమీదనుంచి దించి ఎజెండాలో మొదటి పేజీకి తేవలసిన బాధ్యత, తెనాలి సభకు వారసులమని చెప్పుకునే మనందరిదీ.